బొల్లారంలో మా బుల్లెమ్మ పంచాయితీ

బుల్లెమ్మా, నువ్వు ఆదివారాలు ఎక్కడికి పోయేదానివో చూసొచ్చానే. నువ్వు కూర్చున్న కుర్చీలో కూర్చున్నాను. నీ చేతిలో ఆ రోజు పడ్డ ముక్కలే నా చేతిలో పట్టుకున్నాను. పేకముక్క ముట్టుకోవడం నా జన్మలో అదే మొదలు. ముట్టుకున్నందుకు దేవుడు నన్నేమీ అనడులే, నీ గురించి కదా.

ఇది చదివేవాళ్ళకి ముందు నేనెవరో చెప్పాలి. నా పేరు కరుణమ్మ. మాది తెనాలి దగ్గర పల్లె. నేను చదివింది అయిదో తరగతి. నేను కాగితాల మీద రాస్తే, కాప్రాలో ఉండే మా చెల్లెలు విమల కంప్యూటర్లోకి ఎక్కించింది. అది టీచరు. అక్షరాలు దిద్దుకోమన్నాను, మాట మాత్రం మార్చొద్దన్నాను. ఉద్యోగానికని ఊరు వెళ్ళిన బిడ్డ అక్కడినుంచే మనకి దక్కకుండా పోతే, ఆ బిడ్డ తిరిగిన చోటు ఒక్కసారి చూడాలని ఉంటుంది. ఎలా వెళ్ళాలో, వెళ్ళి ఎవరినేం అడగాలో తెలియక ఆగిపోతాం. నేనూ చాలా రోజులు అలాగే ఆగాను. నాలాంటి తల్లి ఎవరైనా బయలుదేరాలనుకుంటే ఉపయోగపడుతుందని రాస్తున్నాను.

మా అమ్మాయి పేరు గ్రేస్. ఇంట్లో బుల్లెమ్మ. సికింద్రాబాదులో ఒక ఆఫీసులో గుమాస్తా. ఆఫీసు వాళ్ళ దగ్గరే బ్రిడ్జి అనే ఆట నేర్చుకుంది. అది పేకముక్కలతో ఆడేదే, కాని డబ్బు పెట్టి ఆడేది కాదు. ఇద్దరిద్దరు జతలుగా కూర్చుని, రెండు జతలు ఒక జట్టుగా, పోటీలకి వెళ్ళి కప్పుల కోసం ఆడతారు. మా పేటలో పేక అంటే కల్లుపాక వెనకాల ఆడేదే. అందుకని చర్చి సంఘంలో ఎవరైనా “మీ పాప సెలవు రోజున ఏం చేస్తుందమ్మా” అంటే “ఏదో ఆట నేర్చుకుంటోంది” అని మాట తిప్పేసేదాన్ని.

కిందటేడు వానలకి ముందు ఒక సాయంత్రం ఫోన్ చేసింది. “అమ్మా, ఫైనల్లో ఓడిపోయాం. అంతా ఒక్క ఆటలోనే పోయింది. నేనూ యాదగిరి బాబాయీ ఒకరు చెప్పింది ఒకరికి అర్థం కాలేదు. తప్పు ఎవరిదో ఇంకా తేలలేదు. పంచాయితీ అయ్యాక చెప్తాలే” అంది. “పేకముక్కలకి పంచాయితీ ఏంటే” అన్నాను. గట్టిగా నవ్వింది. ఆ వానల్లో జ్వరం వచ్చింది. వారం తిరక్కముందే తీసుకెళ్ళిపోయింది. పంచాయితీ కాలేదు, నాకు చెప్పనూ లేదు.

సమాధి రోజున అది ఆడే బ్రిడ్జి క్లబ్బువాళ్ళు జీపు కట్టుకుని మా ఊరు వచ్చారు. వాళ్ళ జట్టు పెద్ద రావు గారట, తెల్లటి మనిషి, వాకిట్లో నిలబడి పక్కాయనతో “బంగారం లాంటి పిల్ల. ఆ ఒక్క ఆట పాడు చెయ్యకపోతే కప్పు మాదేనండీ” అన్నాడు. చెడుగా అన్న మాట కాదు, బాధగానే అన్నాడు. కాని అది నా చెవిన పడింది. పడ్డ మాట పోదు కదా. మా బుల్లెమ్మ ఇంట్లో గ్లాసు పగలగొట్టినా తనే వచ్చి చెప్పే పిల్ల. అది నలుగురిది పాడు చేసి పోయిందా అని నాకు మనసులో తిరుగుతూనే ఉండేది.

ఈ సంవత్సరం యాదగిరి గారు ఫోన్ చేశారు. ఆయన ఆటలో మా అమ్మాయికి జతగాడు, మోండా మార్కెట్లో స్టీలు సామాన్ల కొట్టు. “చెల్లె, క్లబ్బుల సాలుకొక్క దావత్ ఉంటది. ఆ రోజు పంచాయితి సుత చేస్తం. బిడ్డ పంచాయితి గట్లనే మిగిలిపోయింది. నువ్వు రావాలె” అన్నారు. వాళ్ళ ఆనవాయితీ ఏమిటో కూడా చెప్పారు. జతగాళ్ళిద్దరూ ఒకరి మాట ఒకరికి అర్థం కాక ఆట పోగొడితే, తప్పు ఎవరిదో అందరూ కూర్చుని తేలుస్తారు. తేలిన మనిషి ఆ రోజు అందరికీ బిర్యానీ పెట్టించి, తన చేత్తోనే వడ్డించాలి. వడ్డించాక ఇక ఆ మాట ఎవరూ ఎత్తకూడదు.

అది విన్నాకే వెళ్ళాలని గట్టిగా అనుకున్నాను. తప్పు మా పిల్లదే అని తేలితే వడ్డించడానికి అది లేదు. నేనున్నాను. నా చేత్తో పెట్టి ఆ మాట అక్కడితో ఆపించి వస్తాను అనుకుని, నేతి సున్నుండలు డబ్బా నిండా చేసుకుని బయలుదేరాను.

శనివారం పొద్దున తెనాలిలో రైలెక్కాను. కూర్చునే పెట్టెలో టిక్కెట్టు వంద రూపాయల లోపే. కృష్ణ దాటేవరకు జనం నిలబడే ఉన్నారు, బెజవాడలో ఖాళీ అయ్యాక కిటికీ దొరికింది. అన్నం ఇంటినుంచి కట్టుకెళ్ళండి, రైల్లో అమ్మే పులిహోర నాకు నచ్చలేదు. సాయంత్రం ఎండ ఉండగానే సికింద్రాబాదులో దిగాను. విమల స్టేషనుకొచ్చి సిటీ బస్సులో కాప్రా తీసుకెళ్ళింది. వాళ్ళింటి డాబా మీదనుంచి చెరువు కనిపిస్తుంది. బుల్లెమ్మ అక్కడే నిలబడి ఫోన్ మాట్లాడేదని విమల చూపించింది. నేను అక్కడ ఎక్కువసేపు నిలబడలేకపోయాను.

ఆదివారం ఆరాధన మానేసి పేకాట క్లబ్బుకి వెళ్ళడం నాకు మనసొప్పలేదు. తెల్లవారి మొదటి ఆరాధనకే ఇద్దరం వెళ్ళాం. విమలకి పిల్లల బైబిలు క్లాసు ఉంది, రాలేనంది. “ఒక్కదానివే పోగలవా అక్కా?” అంది. “బుల్లెమ్మ మొదటిసారి వచ్చినప్పుడు దాని పక్కన ఎవరున్నారే?” అన్నాను. బస్సు నంబరు కాగితం మీద రాసిచ్చింది. కాప్రానుంచి సికింద్రాబాదుకి ఆదివారం పొద్దున బస్సులు ఖాళీగానే వస్తాయి, టిక్కెట్టు పది రూపాయలు. ముప్పావు గంటలో దిగాను.

మోండా మార్కెట్ స్టేషను నుంచి నడిచే దూరమే. కూరగాయల బండ్ల మధ్యనుంచి దారి అడుగుతూ వెళ్ళాను. మునక్కాయలు చూస్తే మా ఊళ్ళో కన్నా బాగున్నాయి. యాదగిరి గారి కొట్టు దగ్గరికి వెళ్ళేసరికి ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, మూసిన షట్టరు ముందు నిలబడి ఉన్నారు. నన్ను చూసి చేతులు జోడించారు. నా చేతిలో డబ్బా తీసుకున్నారు, అంతే.

ఆటో మాట్లాడారు. ఆటో అబ్బాయి నా చీర, నా మాట చూసి “ఆంధ్రమ్మనా? ఏడికి పోవాలె?” అన్నాడు.

“బొల్లారం. నూటిరవై ఇస్త,” అన్నారు యాదగిరి గారు.

“నూట యాభై ఇయ్యి సేటు. వాపస్ ఖాలీ రావాలె. ఇయ్యాల బంద్ లేదని ఖుషీ అయి బండి తీసిన, నువ్వు బేరం చేస్తున్నవ్.”

“బంద్ ఉంటే నువ్వు ఇంట్ల పండుకుంటుంటివి. నూటముప్పై. పెద్దమనిషి ఉన్నది, జెర మెల్లగ నడుపు.”

“ఏందీ అమ్మా, ఈ సేటు నీకేమైతడు?” అని అద్దంలోంచి నన్ను అడిగాడు. నేను “అన్నయ్య” అన్నాను. “అన్న మన తెలంగాణోడు, చెల్లె ఆంధ్రా. మీ ఇంట్ల అసెంబ్లీ మంచిగ నడుస్తున్నట్టుంది” అన్నాడు. యాదగిరి గారు అప్పుడు నవ్వారు. ఆ నవ్వుతోనే నాతో మాట కలిపారు. “నా బిడ్డ లెక్కనే ఉంటుండె చెల్లె. నాతోని ఆడనీకి ఎవ్వరూ ఒస్తలేకుండె. ముసలోడు మర్శిపోతడు అంటరు. ఆమె ఒచ్చి బాబాయ్ నేను కూసుంట అన్నది.”

దారి పొడుగునా చెట్లు, మిలిటరీ వాళ్ళ గోడలు. సికింద్రాబాదు రొద దాటాక బొల్లారం వేరే ఊరులాగే ఉంటుంది. క్లబ్బంటే పెద్ద మేడ అనుకున్నాను. పాత పెంకుటిల్లు, ముందు వరండా, లోపల నాలుగు బల్లలు. వరండాలో చెప్పులు చూస్తే ఏదో ప్రార్థన కూడికలాగే ఉంది. వంటింటి గుమ్మంలో వంటమ్మ మల్లమ్మ నిలబడి ఉంది. బిర్యానీ డేగిసా మూత మీద నిప్పులు పోసి ఉన్నాయి.

“గ్రేస్ వాళ్ళమ్మవా?” అంది నన్ను పైకీ కిందకీ చూసి. “మొఖం గదే. నీ బిడ్డ చాయ్‌ల షక్కర ఏసుకోకుండె. గిన్నె కడిగి బోర్లిచ్చి పోతుండె. గీ పెద్దోళ్ళల్ల ఒక్కరు సుత గిన్నె కడగరు.” లోపలినుంచి ఎవరో “మల్లమ్మా, మేం వింటున్నాం” అని అరిచారు. “ఇనుర్రి. ఇననీకే చెప్తున్న” అంది. నాకు ఆ ఇంట్లో భయం పోయింది.

లోపల పదిమందికి పైనే ఉన్నారు. రావు గారు లేచి దణ్ణం పెట్టారు. ఇంకొకావిడ, నెరిసిన జుట్టు పొట్టిగా కత్తిరించుకుని, కళ్ళజోడు గొలుసుకి వేలాడదీసుకుని ఉన్నారు. డోరతమ్మ గారు, బొల్లారంలోనే పుట్టి పెరిగారట. ఆ ఫైనల్లో మా పిల్ల జట్టుకి ఎదురు ఆడింది ఆవిడ జట్టే, గెలిచిందీ వాళ్ళే. “కరుణా, ఇక్కడ కూర్చో. ఇది తన సీటు” అన్నారు. వెనక కర్ర కొద్దిగా వదులైన కుర్చీ. కూర్చున్నాను.

పంచాయితీ మొదలయ్యే ముందు, నాకు అర్థమయ్యేలా చెప్పందే మాట్లాడుకోవద్దని డోరతమ్మ గారే అన్నారు. పేకలోంచి ముక్కలు ఏరి, ఆ రోజు మా బుల్లెమ్మ చేతికి ఏమేం వచ్చాయో అవి నా చేతిలో పెట్టారు. అయిదు ఆటీన్లు, నాలుగు ఇస్పేట్లు, మూడు డైమన్లు, కళావరు ఒక్కటే ఒక్కటి. తరవాత చెప్పుకొచ్చారు. నాకు తెలిసినంత మేరకు చెప్తాను.

ఈ ఆటలో ముందు పాట ఉంటుంది, వేలంపాటలాగా. నోటితో పాడరు, డబ్బాలోంచి చీటీ తీసి బల్ల మీద పెడతారు. ఎదురుగా కూర్చున్న జతగాడికి నా చేతిలో ఏముందో ఆ చీటీలతోనే చెప్పాలి. కొన్ని చీటీలకి జతగాళ్ళు ముందే ఒప్పందం చేసుకుంటారు. వీళ్ళిద్దరి ఒప్పందం ఏమిటంటే, ఎదుటివాళ్ళు ఫలానా పాట మొదలుపెట్టినప్పుడు మా అమ్మాయి “రెండు కళావర్లు” చీటీ పెడితే, కళావర్లు ఉన్నాయని కాదు. నా దగ్గర ఆటీన్లు, ఇస్పేట్లు ఉన్నాయి అని. ఇందులో దొంగతనం లేదు. ఎదుటివాళ్ళు అడిగితే ఆ చీటీకి అర్థం ఏమిటో చెప్పి తీరాలి. పెట్టిన మనిషి కాదు, జతగాడు చెప్పాలి.

ఆ రోజు డోరతమ్మ గారు ఆ ఫలానా పాటే మొదలుపెట్టారు. మా అమ్మాయి రెండు కళావర్ల చీటీ పెట్టింది. ఎదుటివాళ్ళు యాదగిరి గారిని అర్థం అడిగారు. ఆయన ఒప్పందం మరిచిపోయి “కళావర్లే, మామూలుగా” అనేశారు. అని, తన దగ్గర ఆరు డైమన్లు ఉన్నాయని “రెండు డైమన్లు” పెట్టారు. ఒప్పందం ప్రకారమైతే ఆ డైమన్ల చీటీకి అర్థం “నీ ఆటీన్లూ ఇస్పేట్లూ రెంటిలో మంచిది నువ్వే చెప్పు” అని.

ఇప్పుడు చూడండి, మా బుల్లెమ్మ విన్నది. బాబాయి మరిచిపోయాడని, ఆయన దగ్గర నిజంగానే డైమన్లు ఉన్నాయని దానికి తెలిసిపోయింది. దాని చేతిలో కూడా మూడు డైమన్లు ఉన్నాయి. అక్కడ ఊరుకుంటే చాలు, ఆట చక్కగా గట్టెక్కేది. కాని ఈ ఆటలో ఒక కట్టడి ఉంది. జతగాడు పైకి చెప్పిన అర్థం ఎదుటివాళ్ళ కోసం. అది మన చెవిన పడ్డా పడనట్టే ఆడాలి. చీటీలు చెప్పినదే వినాలి. మొహం కూడా మారకూడదు.

మా పిల్ల చీటీ ప్రకారమే “రెండు ఆటీన్లు” పెట్టింది. ఆయన ఓహో కళావర్లూ ఆటీన్లూ ఉన్నాయి కాబోలనుకుని “మూడు కళావర్లు” పెట్టారు. డోరతమ్మ గారు దాని మీద డబుల్ కొట్టారు, అంటే ఓడితే నష్టం ఇంకా పెరుగుతుంది. అప్పుడైనా మా అమ్మాయి డైమన్లకి పారిపోవచ్చు. పోలేదు. చీటీల లెక్కన బాబాయికి పొడుగ్గా కళావర్లు ఉండాలి, అంతే. ఊరుకుంది. ఆట మొదలయ్యే ముందు తనే ఆట పెద్దని, అంటే పోటీ నడిపే డైరెక్టర్‌ని పిలిచి, “మా బాబాయ్ చెప్పిన అర్థం సరి కాదు, మా ఒప్పందం ఇదీ” అని ఎదుటివాళ్ళకి చెప్పింది. తరవాత ఒక్క కళావరు పెట్టుకుని కళావర్ల ఆట ఆడింది. ఫైనలు పోయింది.

నా చేతిలో ఆ ఒక్క కళావరు చూస్తూ ఉండిపోయాను.

పంచాయితీ షురూ చేద్దామన్నారు. ఒక్కొక్కరికి ఒక ఎర్ర ముక్క, ఒక నల్ల ముక్క ఇచ్చారు. తప్పు గ్రేస్‌దైతే ఎర్రది, యాదగిరి గారిదైతే నల్లది, బోర్లించి పెట్టాలి. పెట్టేముందు ఎవరైనా మాట్లాడొచ్చు. యాదగిరి గారు నిలబడ్డారు. “మాట్లాడేదేమున్నది? మర్శిపోయిన. నాదే. బిడ్డను ఇందులకు గుంజకుర్రి.”

రావు గారు గొంతు సవరించుకున్నారు. “మీరు మరిచిపోయారు, సరేనండీ. ఒక చెయ్యి పోయేది, అంతే. దాన్ని కొండ చేసింది ఆ తరవాత జరిగిందే. కరుణమ్మ గారూ, మీ ముందు అనాల్సి వస్తోంది, ఏమనుకోకండి. అమ్మాయికి తెలుసండీ. చెవులారా వింది. రెండుసార్లు దారి దొరికింది. జట్టులో నలుగురం ఉన్నాం. సగం తప్పు తనదే అని నేను అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటున్నాను.”

“విన్నది గనకనే ఆగలే!” అన్నారు యాదగిరి గారు. “వినకుంటే గడబిడే లేకుండె.”

“రూలు నాకు చెప్పకండి. నలభై ఏళ్ళుగా ఆడుతున్నాను.”

“ఆడుతున్నవ్ గని కప్పు ఏది?” అని వెనకనుంచి ఎవరో అన్నారు. కొందరు నవ్వారు. రావు గారి మొహం ఎర్రబడింది. నాకు ఆయన్ని చూస్తే జాలేసింది.

డోరతమ్మ గారు చెయ్యెత్తారు. “రావ్, ఎదుటి జట్టులో ఆడింది నేను. తను డైమన్ల దగ్గర ఆగిపోతే నేను డైరెక్టర్‌ని పిలిచేదాన్ని కాదు. మూడు డైమన్లు పెట్టుకుని ఆగింది, ఏదో భయపడింది అనుకుని ఊరుకునేదాన్ని. ఎవరూ ఏమీ అనేవారు కాదు. ఆ సంగతి తనకీ తెలుసు. నేను ఆ పిల్ల మొహమే చూస్తున్నాను. రెప్ప కూడా కదలలేదు. కప్పు ఇంటికి తీసుకెళ్ళి నేను అల్మారాలో పెట్టాను కాని, ఆ రోజు గెలిచింది నేననుకోలేదు.”

 నాకు గుండె నిండింది గాని, లోపల ఇంకొక భయం ఉంది. మా బుల్లెమ్మ కొత్తవి నేర్చుకోవాలని ఎగబడే పిల్ల. ఎదుటిమనిషికి అలవాటు కాకముందే తొందరపెట్టే రకం. ఆ ఒప్పందం ఈ ముసలాయన మీద అదే రుద్దిందేమో, మొదటి తప్పు అక్కడే ఉందేమో అనిపించింది. తేలాల్సింది అంతా తేలిపోతేనే మంచిదని అడిగేశాను. “అన్నయ్యగారూ, ఆ ఒప్పందం ఎప్పుడు చేసుకున్నారు? మా పిల్లే పెట్టించిందా?”

యాదగిరి గారు తల వంచుకున్నారు. “అది ఇడువు చెల్లె.”

“విడవను. దానిదైతే దానిదనే చెప్పండి. నేను వడ్డించడానికే వచ్చాను.”

 మాట్లాడింది రావు గారు. చాలా మెల్లగా అన్నారు. “నేను పెట్టించానమ్మా. ఫైనల్ రోజు పొద్దున, ఇడ్లీలు తింటుండగా. ఎదుటి జట్టు మీద పనికొస్తుందని. యాదగిరి వద్దన్నాడు, చిన్నప్పటినుంచి కళావర్లంటే కళావర్లే నాకు, పరేషాన్ అవుతా అన్నాడు. అమ్మాయి కూడా ఇవాళ వద్దు సార్, వచ్చే ఆటనుంచి పెట్టుకుందాం అంది. నేను కెప్టెన్ని. ఇవాళే అన్నాను.”

“రావ్!” అన్నారు డోరతమ్మ గారు. “ఫైనల్ రోజు పొద్దునా?”

“అవును.”

“ఇడ్లీల దగ్గర?”

“అవునండీ, ఎన్నిసార్లు చెప్పిస్తారు.” ఆయన లేచి వెళ్ళి, కిటికీ పక్కనున్న పేక డబ్బా తెరిచారు. ఈ ఆటలో జోకరు ముక్కకి పని లేదట, డబ్బాలోనే ఉండిపోతుంది. దాన్ని తీసుకొచ్చి తన ముందు వెల్లకిలా పెట్టుకున్నారు. “ఇది నాది. ఇప్పుడు మీరు ముక్కలు పెట్టి తెరవండి” అన్నారు. తెరిచారు. ఎర్రది ఒక్కటీ లేదు.

యాదగిరి గారు ఊరుకోలేదు. “జోకర్ చెల్లది! మర్శిపోయింది నేను. బిర్యానీ నాది. మల్లమ్మా, నేను ఒడ్డిస్త!” అన్నారు. రావు గారు “కెప్టెన్ మాట ఒక్కసారైనా వినండి మహానుభావా” అన్నారు. “ఇన్నందుకే గిట్లయింది!” అన్నారు ఆయన. ఇల్లంతా నవ్వింది. తప్పు నాదంటే నాదని ఇద్దరు పెద్దమనుషులు కొట్టుకోవడం నేను మొదటిసారి చూశాను. మా ఊళ్ళో పంచాయితీలన్నీ నీదంటే నీదనే జరుగుతాయి.

గరిటె చివరికి రావు గారికే దక్కింది. ముందు నాకే వడ్డించారు. వడ్డిస్తూ, పక్కవాళ్ళకి వినపడకుండా అన్నారు. “అమ్మా, ఒక మాట. ఆ చోట నేనుంటే డైమన్ల దగ్గర ఆగిపోయేవాణ్ణి. నలభై ఏళ్ళ ఆటగాణ్ణి, ఆగిపోయేవాణ్ణి. అందుకే నాకు ఆ పిల్ల మీద అంత కోపం వచ్చింది.” ఆయన కళ్ళు తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. నా కొంగు ఇద్దామనుకున్నాను. ఇంకా వడ్డించాల్సిన వాళ్ళున్నారు, వెళ్ళిపోయారు.

సున్నుండలు పంచాను, ఓడినందుకు కాదు. మల్లమ్మ రెండు తీసుకుని ఒకటి కొంగున కట్టుకుంది. తిన్నాక నా ప్లేటు నేనే కడిగి బోర్లించాను. మిగిలినవాళ్ళందరూ నన్ను చూసి, ప్లేట్లు పట్టుకుని లేచి వరసలో నిలబడ్డారు. “ఇగ మంచిగైంది” అంది మల్లమ్మ.

సాయంత్రం అయిదింటికల్లా యాదగిరి గారు నన్ను బస్సెక్కించారు. టిక్కెట్టు తనే కొన్నారు. కిటికీ దగ్గర నిలబడి, “చెల్లె, నీ బిడ్డ నాకు ఒక్కనాడు సుత ‘మర్శిపోయినవ్ బాబాయ్’ అనలే. ఆ దినం సుత అనలే” అన్నారు. బస్సు కదిలాక కూడా అక్కడే ఉన్నారు.

కాప్రా వచ్చేవరకు ఆలోచిస్తూనే ఉన్నాను. నేను బుల్లెమ్మకి పెద్ద పెద్ద మాటలేవీ నేర్పలేదు. నాకే రావు. వాక్యం చదివించాను, అబద్ధం చెప్పొద్దన్నాను, అందరు తల్లులూ చెప్పేదే. ఎవరూ చూడనప్పుడు, చూసినా ఎవరూ అడగనప్పుడు, చెవిన పడ్డ మాటని పక్కన పెట్టి నష్టానికి నడిచి వెళ్ళడం దానికి ఎవరు నేర్పారో నాకు తెలియదు. ఆ ఆటే నేర్పిందేమో. అలాగైతే ఆ ఆటకి నేను దణ్ణం పెడతాను. ఇక సంఘంలో ఎవరైనా అడిగితే మాట తిప్పను. మా అమ్మాయి బ్రిడ్జి ఆడేది, ఫైనల్ దాకా వెళ్ళింది, ఎలా ఓడిందో కూర్చోండి చెప్తాను అంటాను. దుఃఖం తగ్గిందా అని విమల అడిగింది. తగ్గలేదు. కాని ఇన్నాళ్ళూ ఒంగి మోశాను, ఇప్పుడు నిలబడి మోస్తున్నాను.

బొల్లారం వైపు వెళ్ళేవాళ్ళకి ఒక్క మాట. అది మిలిటరీ ప్రాంతం, కొన్ని రోడ్లు ఉన్నట్టుండి మూసేస్తారు, గేటు దగ్గర ఎవరింటికని అడుగుతారు. ఓటరు కార్డో రేషను కార్డో దగ్గర ఉంచుకోండి, వెళ్ళేచోటి మనిషి ఫోన్ నంబరు కాగితం మీద రాసుకుని పెట్టుకోండి.

పోయిన బిడ్డ కోసం ప్రయాణం చేసేవాళ్ళు అన్నం మానేస్తారు, నేనూ చాలా రోజులు మానేశాను. మీరు అలా చెయ్యొద్దు. వేళకి కూర్చుని, కడుపునిండా తినండి.